రెండు వీశెల తెల్లలోహం

రాజమహేంద్రవరం,
హేవిళంబి, కార్తీక శుద్ధ దశమి.

అమ్మ పాదాలకు దణ్ణం పెట్టి పెద్దకొడుకు అమ్మిరాజు రాసుకునేది. ఇక్కడ నేను, నీ కోడలు మరిడమ్మ, పిల్లది ముగ్గురం వేళకు అన్నం తింటున్నాం, తిరుగుతున్నాం. అందరం క్షేమం అని రాద్దామని రెండుసార్లు కలం సిరాలో ముంచాను కానీ ఆ మాట చేతికి రాలేదు. నువ్వెలా ఉన్నావో నీ ఉత్తరంలోనే తెలిసింది. మార్కండేయులు పంతులుగారికి నా నమస్కారాలు. నువ్వు చెప్పింది చెప్పినట్టు, తిట్లు కూడా మానకుండా రాసి పంపుతున్నారు. ఆయన రాసిన కాగితంలో నీ గొంతే వినపడుతుంది నాకు.

దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. కొలిమి పొగ తప్పదు కనుక పొద్దున్నపూట కొంచెం వస్తుంది, అంతే. మరిడమ్మ మిరియాల కషాయం కాచి ఇస్తోంది. తాగనంటే నీకంటే గట్టిగా తిడుతోంది. పిల్లది గడప పట్టుకుని నిలబడుతోంది. గోదావరి తగ్గి లంకలు తేలాయి. నది మీద రైలు వంతెన కడతారట, ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా అదే మాట. వంతెన కట్టాక రేవు లాంచీలు ఎవరెక్కుతారని లాంచీ యజమాని జగన్నాథరావుగారు అప్పుడే దిగులు మొదలుపెట్టారు.

రెండోది వల సంగతి. తమ్ముడు సత్తియ్య వల మన పాలెం చినబాబు అడుగుతున్నాడు, ఇవ్వనా అని రాయించావు. దాని కింద ఇంకో నాలుగు ముక్కలు రాయించావు. అవి చదివి ఎనిమిది రోజులైంది. ఎనిమిది రోజులుగా అవే చదువుతున్నాను.

"చినబాబు ఒకపాలి తీసుకెళ్ళి ఇసిరాడ్రా. వల తేలిగ్గా పడతందంట. అడుక్కి దిగేలోపు సేప కిందనించి జారుకుంటందంట. సత్తిగాడూ ఇదే మాటన్నాడు. నీకు రాయిత్తానంటే నా మీద ఇంతెత్తున లేశాడు. వల అంచుకి అన్న పోసిచ్చిన గుళ్ళే, ఆడి మనసు కట్టపెట్టమాకే అన్నాడు. సేప దొరక్కే కదరా లాంచీ ఎక్కుతానని నీకాడికొచ్చాడు."

అమ్మా, వాడు నా దగ్గరికి వచ్చినప్పుడు "ఏట్లో సేప లేదన్నా" అన్నాడు. అంతే అన్నాడు. వల మాట ఎత్తలేదు.

మూడోది, ఆ లాంచీ డ్రైవరు అబ్రహాముకి శిక్ష పడిందా, ఎప్పుడు పడుతుంది అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందే రాస్తే తక్కినది నువ్వు వినవు.

పంతులుగారూ, ఇక్కడి నుంచి అరుగు మీద చదవకండి. అమ్మను లోపల కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి చదవండి. మధ్యలో అమ్మ లేచిపోతానంటే లేవనివ్వకండి. ఇంత పని మీకు పెడుతున్నందుకు నన్ను తిట్టుకోండి, కానీ ఒక్క ముక్క వదలకండి.

అమ్మా, నా పని సంగతి కొంచెం చెప్పాలి. ఎప్పుడు చెప్పబోయినా "నీ ఇనుపగోల నాకేల" అనేదానివి. ఈ ఒక్కసారి విను. బండి ఇరుసు అరగకుండా కందెన రాస్తాం కదా. ఇంజనులో ఇరుసు నిమిషానికి నూరుచుట్లు తిరుగుతుంది. అది కూర్చుని తిరిగే గూడును బేరింగు అంటారు. గూడు కంచుది. కంచు మీద ఇనుము నేరుగా తిరిగితే రెండూ కొరుక్కుంటాయి. అందుకని గూటి లోపల అరవేలు మందాన ఒక తెల్లలోహం పోస్తాం. అందులో తగరం ఎక్కువ, కాస్త రాగి, కాస్త నీలాంజనం అనే ఇంకో లోహం. అది ఇరుసు కింద పరుపులా ఉంటుంది. నూనె తగ్గినా, ఇసుకరేణువు పడినా తను అరుగుతుంది కానీ ఇరుసును అరగనివ్వదు.

పాత యంత్రం విప్పితే ఇనుము తుక్కులోకి పోతుంది, కంచు కంచరివాళ్ల కొట్టుకు పోతుంది. తెల్లలోహం మాత్రం మేస్త్రీ పెట్టెలో తాళం వేసి ఉంటుంది. పాతదే కదా అని పారేసేవాడు ఫిట్టరు కాడు. దాన్ని ఉలితో చెక్కి తీసి, గరిటలో కరిగించి, గుగ్గిలం పొడి చల్లితే మురికి మష్టులా పైకి తేలుతుంది. మష్టు తీసి మళ్లీ పోసుకోవచ్చు. ఎన్నిసార్లయినా పోసుకోవచ్చు. కొత్త లోహం కావాలంటే చెన్నపట్నం రాయాలి, ఓడ రావాలి, రెండు నెలలు చూడాలి. పెట్టెలో పాత లోహం ఉన్న మేస్త్రీ ఎవరికోసమూ ఎదురుచూడనక్కర్లేదు. నా పెట్టె గోదావరి రెండు గట్ల మీదా పేరున్న పెట్టె. ఆ పేరు చూసుకునే నాకు కళ్లు నెత్తికెక్కాయి.

జగన్నాథరావుగారి లాంచీ నీకు తెలుసు. లంక ఇసుకలో ఆరేళ్లు కూరుకుపోయి ఉన్నదాన్ని తవ్వించి లాక్కొచ్చి, "అమ్మిరాజూ, దీన్ని బతికిస్తావా?" అన్నారు. పుష్యమాసం నుంచి అదే నా లోకం. బాయిలరుకు అతుకులు వేశాను, పైపులు మార్చాను. బేరింగులు అన్నీ చెక్కి తీసి కొత్తగా పోయడానికి లోహం సిద్ధం చేసుకున్నాను. పెట్టెలో సరిగ్గా సరిపడా ఉంది. ఒక్క చెంచా ఎక్కువ లేదు.

అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. సత్తియ్య సొంతంగా వల అల్లుకున్నాడు, నాన్న లేడు కనుక వల అంచుకు బరువు గుళ్ళు నువ్వే పోసివ్వాలి అని. మన ఇంట్లో మగపిల్లాడి తొలి వలకు గుళ్ళు వాడు కొనుక్కోకూడదు కదా. ఇంటిపెద్ద తన చేత్తో పోసివ్వాలి. నాకు నాన్న పోసిచ్చాడు. నేను ఆ వల వదిలేసి ఇనుము పట్టుకున్నాను. నాన్న అప్పుడేమీ అనలేదు కానీ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. అది నాకు మనసులో ఉండిపోయింది. తమ్ముడి గుళ్ళు నాన్న పోసినవాటికంటే గొప్పగా ఉండాలనుకున్నాను.

బజారుకు వెళ్లి మూడు వీశెల సీసం కొన్నాను కూడా. షెడ్డుకు తెచ్చి గట్టు మీద పెట్టాను. నల్లగా, మురికిగా కనపడింది. పక్కనే నా పెట్టెలో తెల్లలోహం వెండిలా మెరుస్తోంది. రాయి తగిలితే సీసం సొట్టపోతుంది, ఇది పోదు. సీసం నల్లబడుతుంది, ఇది నల్లబడదు. పాలెంలో ఎవడి వలకూ ఇలాంటి గుళ్ళు ఉండవు, మా తమ్ముడి వలకే ఉంటాయి అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది అమ్మా. నాన్న అచ్చులోనే, నాన్న పెట్టిన లెక్కకే గుళ్ళు పోశాను. మూడు వీశెలు పట్టవలసినవి రెండు వీశెలకే అయిపోయాయి. భలే కలిసొచ్చింది అనుకున్నానే తప్ప, ఈ లోహం సీసం కంటే తేలిక, వల నీటిలో దిగదు అన్న ఆలోచనే నాకు రాలేదు. జాలరి కడుపున పుట్టినవాణ్ణి. వలకు కావలసింది మెరుపు కాదు, బరువు అని పాలెంలో పాకే బిడ్డకు కూడా తెలుసు.

పెట్టెలో తరిగిన రెండు వీశెల చోట రెండు వీశెల సీసం వేశాను. దొంగతనం అనిపించలేదు. బరువుకు బరువు పెట్టాను కదా అనుకున్నాను. కొంచెం సీసం కలిస్తే ఏం కొంపలు మునుగుతాయి, చాలామంది కలుపుతారు అనుకున్నాను. తక్కిన బేరింగులకు మంచి లోహం పోసి, మిగిలినదాంట్లో ఆ సీసం కలిపి లాంచీ వెనక బేరింగుకు పోశాను.

పోసే ముందు వేలెడు కడ్డీ పోసి, చెవి దగ్గర పెట్టుకుని వంచడం నాకు అలవాటు. తగరం మంచిదైతే వంగేటప్పుడు కిరకిరమంటుంది. సీసం ఎక్కువైతే చప్పుడు చెయ్యకుండా వంగిపోతుంది. ఆ రోజు వంచలేదు. ఏం వినపడుతుందో, ఏం వినపడదో నాకు తెలుసు.

ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. సీసం ఉండవలసినచోట తెల్లలోహం పెట్టాను, తెల్లలోహం ఉండవలసినచోట సీసం పెట్టాను. వల దిగక తమ్ముడికి చేప పడలేదు. చేప పడక వాడు నా దగ్గరికి వచ్చాడు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి జగన్నాథరావుగారికి చూపించి, నేను పాడుచేసిన లాంచీ మీదే వాణ్ణి పనికి పెట్టించాను.

శ్రావణంలో జరిగింది నీకు సగమే చెప్పాను. ఇంజను ఆగిపోయింది, అబ్రహాము నూనె పొయ్యలేదు అని చెప్పాను. అది అబద్ధం. నూనె పోశాడు. ఆ రోజు గోదావరి ఎర్రగా పోటెత్తి ఉంది. కొవ్వూరు నుంచి పధ్నాలుగుమందిని ఎక్కించుకుని వస్తున్నారు. వరదకు ఎదురు ఇంజను బలంగా లాగవలసి వచ్చేసరికి ఆ మెత్తటి లోహం వేడెక్కి, జారి, నూనె దిగే రంధ్రాలను పూడ్చేసింది. పైన ఎంత పోసినా లోపలికి చుక్క దిగలేదు. ఇరుసు కంచును కరిచి బిగుసుకుపోయింది. లాంచీ అడ్డం తిరిగి ఆనకట్ట వైపు కొట్టుకుపోయింది.

తక్కినది నీకు తెలుసు. సత్తియ్య నడుముకు తాడు కట్టుకుని దూకాడు. మునిగిన లంక మీద తుమ్మచెట్టు దాకా ఈదాడు. తాడు విప్పి చెట్టుకు కట్టాడు. నడుముకు ఉన్న తాడే విప్పి కట్టాడమ్మా, ఇంకో తాడు లేదు. లాంచీ ఆగింది. వాడు కాళ్లు నిలదొక్కుకోలేకపోయాడు. పధ్నాలుగుమందీ ఇంటికి వెళ్లారు. వాడు మూడోనాడు ధవళేశ్వరం దిగువన దొరికాడు. ఈదడం వాడికి నేర్పింది నేనే.

నువ్వు పాలకొల్లు పడవలో వచ్చావు. వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చావు. "ఎవడ్రా నా బిడ్డని సంపినోడు?" అని అడిగావు. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి అబ్రహాము పేరు వచ్చింది. ఇప్పటికీ నాకు అర్థం కాదు, అది అంత సులువుగా ఎలా వచ్చిందో.

నువ్వు వీధిలోకి పరుగెత్తి, దోసెడు మన్ను ఎత్తుకుని వాళ్ల గుమ్మంలో పోశావు. "నీ సేతులు పడిపోను! నీ దీపం ఆరిపోను! నా కడుపు కాల్సినోడా!" అని శాపనార్థాలు పెట్టావు. అతని భార్య సూరమ్మ నీ కాళ్ల మీద పడబోతే తోసేశావు. అబ్రహాము చేతులు వెనక్కి పెట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు. సిగ్గుతో దాచుకున్నాడని నువ్వు అనుకున్నావు. బిగుసుకున్న ఇరుసును విడిపించబోయి అరచేతులు రెండూ కాల్చుకున్నాడమ్మా. ఆ పుళ్ళు నీకు కనపడకూడదని వెనక్కి పెట్టుకున్నాడు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. నీ భుజం పట్టుకుని "పదమ్మా, పద" అంటున్నాను.

భాద్రపదంలో విచారణ దొర అడిగినప్పుడు "బేరింగు నా చేత్తో పోసింది, లోపం లేదండి" అని చెప్పాను. అబ్రహాము నా వైపు ఒకసారి చూశాడు. తన వంతు వచ్చినప్పుడు "నేను నూనె పోశానండి" అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఎల్లుండి దొర మళ్లీ వచ్చి తీర్పు చెబుతాడు. డ్రైవరు చీటీ తీసేస్తారట, జైలు కూడా తప్పదంటున్నారు.

నీ ఉత్తరం వచ్చాక ఉండబట్టలేక నిన్న మధ్యాహ్నం అబ్రహాము ఇంటికి వెళ్లాను. సూరమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. అతను పీట వేశాడు. నేను కూర్చోలేదు. అతనే లేచి, గూట్లోంచి గుడ్డమూట తీసి విప్పాడు. బేరింగులోంచి గీకి తీసిన ముక్క. గోటితో గీశాడు. గీత పడింది.

"లాంచీ గట్టుకొచ్చిన రోజే తీశానండి మేస్త్రీ" అన్నాడు. "సీసం. మొదట మీ చేతి పని కాదేమో అనుకున్నాను. ఆ గూటికి మీరు తప్ప ఎవరు పోస్తారు?"

"మరి దొరకి ఎందుకు చూపించలేదు అబ్రహామన్నా?" అన్నాను.

"చూపిద్దామనే పట్టుకెళ్లానండి, జేబులోనే ఉంది" అన్నాడు. "మీ అమ్మగారు మా గుమ్మంలో మన్ను పోసినప్పుడు ఆవిడ మొహం చూశాను. ఒకణ్ణి గోదారి పట్టుకెళ్లింది. నేను నోరిప్పితే రెండోవాణ్ణి కూడా ఆవిడ చేతే తిట్టించినట్టవుద్ది. నాకు మనసొప్పలేదండి. మీరే చెబుతారులే అని చూశాను."

"మూడు నెలలు చూశావా?"

"చూశానండి" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. లోపలినుంచి సూరమ్మ ఏడుపు వినపడింది. నేను అతని చేతులు పట్టుకోబోయాను. పుళ్ళు మాని చర్మం ముడతలు పడి ఉంది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. తీర్పు ఎలా వచ్చినా ఇక ఇంజను పిడి పట్టలేడు.

ఇంటికి వచ్చి మరిడమ్మకు అంతా చెప్పాను. పిల్లదాన్ని చంకనేసుకుని వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. చాలాసేపటికి బయటికి వచ్చి "దొరకి తరవాత చెబుదువుగాని, ముందు అత్తకి రాయి" అంది. అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం టపాలో వేసి, అటు నుంచి అటే జగన్నాథరావుగారి దగ్గరికి వెళతాను. ఆయన్ని వెంటబెట్టుకుని ఎల్లుండి దొర ముందు నిలబడతాను. ఉత్తరం ముందు వేస్తున్నది ఎందుకంటే, నా మీద నాకు నమ్మకం లేదు. నీకు తెలిసిపోయాక ఇక వెనక్కి తిరగలేను.

నా పని పోతుంది. జైలుకు వెళ్లవలసింది నేనే కావచ్చు. మరిడమ్మ పిల్లదాన్ని తీసుకుని పుట్టింటికి వెళతానంటోంది. నీ దగ్గరికి పంపుతాననే మొహం నాకు లేదు.

వల చినబాబుకు ఇచ్చెయ్యి. తెల్లగుళ్ళు కోసేసి సీసం కట్టుకోమను. ఆ గుళ్ళు పంతులుగారి చేత మూటకట్టించి జగన్నాథరావుగారి పేరుకు పంపించు. లోహం ఇప్పటికీ మంచిదే. దాని తప్పేమీ లేదు. వెనక బేరింగుకు మళ్లీ పోస్తే ఇరవైయేళ్లు తిరుగుతుంది. నా చేత మాత్రం ఇక పోయించరు.

నిన్ను క్షమించమని అడగడం లేదు. సత్తియ్యను కన్నది నువ్వు, ఆ మాట నేను అడగకూడదు. ఒక్కటే అడుగుతున్నాను. రోజూ దీపాలవేళ వాకిట్లోకి వచ్చి, రాజమహేంద్రవరం వైపు తిరిగి, గుప్పెడు మన్ను విసిరి అబ్రహాము పేరు చెబుతున్నావని, అప్పటిదాకా పొయ్యి అంటించడం లేదని పంతులుగారు చివరన తన మాటగా రాశారు. ఇవాళ్టి నుంచి ఆ పేరు మానెయ్యమ్మా. అతను నీ కొడుకును చంపలేదు, నీకు మిగిలిన కొడుకును మూడు నెలలు దాచాడు. మన్ను విసరకపోతే నీ కడుపుమంట చల్లారదంటే విసురు. ఆ పేరు చోట నా పేరు పెట్టు. అమ్మిరాజు చేతులు పడిపోను అను. నేను ఎక్కడున్నా తల వంచుకుంటాను.

అనబోతే నీకు నోరు రాకపోతే మాత్రం, అమ్మా, పంతులుగారి చేత ఒక్క కార్డు ముక్క రాయించు. జైలు నుంచి వదిలిన రోజున నేరుగా వస్తాను.

ఇట్లు,
సత్తియ్య అన్న,
నీ పెద్దకొడుకు,
అమ్మిరాజు.